అందరి చేతులు లేచినయ్

కరీంనగర్,
జులై, రెండో ఆదివారం

సలీమా,

ఉత్తరం చూసి ఎవరన్న పోయిండ్రేమోనని భయపడకు. అందరం ఉన్నం. బతికున్నోళ్లు గూడ ఉత్తరాలు రాసుకోవచ్చునని గుర్తుచేసుకుందామని రాస్తున్న.

అసలు సంగతి, ఫోన్ చూసి చూసి కండ్లు మండుతున్నయ్. పొద్దంత హైస్కూల్ల ఎనిమిదో తరగతికి సోషల్ చెప్పుడు, ఇంటికొచ్చి ఆన్‌లైన్ శిక్షణ. ఈసారి నేను నేర్చుకునేదాన్ని గూడ కాదు, మెంటర్‌నట. మీ ప్రైమరీ టీచర్ల గ్రూప్ ఒకటి నాకు అప్పజెప్పిండ్రు. నన్నెందుకు ఎంచుకున్నరని అడిగితే, పోయిన శిక్షణల కెమెరా ఆన్ చేసి కూసున్నది నేనొక్కదాన్నేనట. నాకు ఆఫ్ చేసుడు రాక కూసున్న. ఆ మాట చెప్పలే.

పేర్లు చదువుకుంట పోతుంటే నీ పేరు కనబడ్డది. నవ్వొచ్చింది, ఎనకనే భయమైంది. నీకు నేను మార్కులెయ్యాలె. బి.ఇడి. ల నా రికార్డుల బొమ్మలన్నీ నువ్వే గీస్తివి, యాదికున్నదా?

ఈ శిక్షణ ‘ఇంటరాక్టివ్’ అంటున్నరు. అంటే ఒకల్లతో ఒకలు ముచ్చట పెట్టుకున్నట్టు ఉండాలెనని పైన చూసుకునే లింగమూర్తి సార్ చెప్పిండ్రు. సార్ ఏదో చెప్తరు, మధ్యమధ్యల ‘అర్థమైందా?’ అని అడుగుతరు, చాట్‌ల ‘ఎస్ సార్’ ‘ఎస్ సార్’ అని వడగండ్లు పడ్డట్టు పడతయ్. మొన్న సార్ మైకు బందు పెట్టుకొని శానాసేపు మాట్లాడిండ్రు. ఎవ్వలకు ఒక్క ముక్క వినబడలే. చూసుకొని మైకు ఆన్ చేసి ‘అర్థమైందా?’ అన్నరు. అందరు ‘ఎస్ సార్’. ఒకామె ‘చాలా బాగా చెప్పారు సార్’ అని గూడ పెట్టింది. నేను గూడ బొటనవేలు గుర్తు పెట్టిన. పెట్టినంక, ఎందుకు పెట్టిన్నో నాకే అర్థం కాలే.

సరే, నీకు రాయవలసిన మాట ఇది. అందరు తమ క్లాసు వీడియో ఒకటి పంపాలె. గ్రూప్‌కు ఒకటి చొప్పున పైకి పోతది. పైన మళ్ల ఒకల్లను ఎంచుకొని, కరీంనగర్‌ల పెడుతున్న పాఠాల కేంద్రానికి రెండేండ్లు తీసుకుంటరట. రెండేండ్లు ఆ కాగజ్‌నగర్ ఇడిచి ఇంట్ల ఉండొచ్చు, సలీమా. నీ బిడ్డ యాస్మీన్ ఇంటర్ అయ్యేదాక. మొన్న మీ ఆయన ఫయాజ్ భాయి దుకాణం ముంగటికెల్లి పోతుంటే, ఫ్యాన్‌కు తీగ చుట్టుకుంటనే ‘దెబోరా బహెన్, మీ దోస్తును ఎప్పుడు పంపిస్తరు వాపస్?’ అన్నడు. నవ్వుకుంటనే అన్నడు గాని చెయ్యి ఆగింది.

మంచిగ చెయ్యి. జవాబు కాగితం మీదనే రాయి. ఫోన్ల రాస్తే మెంటర్ రాసినట్టుంటది.

నీ
దెబోరా


కాగజ్‌నగర్,
జులై ఆఖరు

దెబోరా,

నీ ఉత్తరం కిరాయి ఇంటామె చేతికిచ్చిండ్రు. ఆమె నన్ను కూసోబెట్టి నీళ్లిచ్చి, ‘ధైర్యంగ చదువమ్మా’ అన్నది. చదివి నేను నవ్వుతుంటే ఆమెకు కోపమొచ్చింది.

నేను శిక్షణ ఎక్కడికెల్లి వింటున్న తెలుసా? మా బడి ఊరి బయట. సిగ్నల్ ఉన్నది ఒక్క నీళ్ల ట్యాంకు మెట్ల మీదనే. మూడో మెట్టు మీద లింగమూర్తి సార్ గొంతు వస్తది, ఐదో మెట్టు మీద ముఖం గూడ వస్తది. వానొస్తే ఛత్రి. ఈ సంగతి ఫోన్ల చెప్తే ఫయాజ్ ఏమన్నడు? ‘ట్యాంకు ఎక్కుడేంది, ధర్నా చేస్తున్నవా? దిగు, నీ డిమాండ్లన్నీ ఒప్పుకుంటున్న.’ ఆయనకు నవ్వులే. పెట్టేసినంక నాకే ఎట్లనో అయింది.

బడి ఇడిచినా ఇంటికి పోకుంట, కింద మా పిల్లలు వరుసగ కూసొని నన్ను చూస్తరు. అనిల్ కుమార్ అనే పోరడు, ‘టీచర్, నీకు గూడ సార్ ఉన్నడా?’ అన్నడు. ఉన్నడన్న. ‘నీకు గూడ హోంవర్క్ ఇస్తడా?’ ఇస్తడన్న. ‘చెయ్యకపోతే కొడతడా?’ ఆ ఒక్కటి ఇంక పెట్టలేదన్న.

ఐదు క్లాసులకు ఇద్దరమే టీచర్లం. ఆ సార్‌ను ఎప్పుడు మీటింగులకే పిలుస్తరు. అన్ని క్లాసులు నా మీదనే. ఇండ్లల్ల కొందరిది గోండి, కొందరిది మరాఠీ కలిసిన మాట, పుస్తకంలది ఇంకో తెలుగు. ఐదో తరగతికి భిన్నాలు చెప్తున్న. వీడియోకు మార్కులు దేనికేస్తరని నువ్వు పంపిన కాగితం చూసిన. అన్నిటికన్న ఎక్కువ మార్కులు ‘పిల్లలందరు పాల్గొనుడు’కే. అందరంటే అందరా? నర్మద అని ఒకతి ఉన్నది. పోయినేడు దసరా అయినంక వేరే ఊరికెల్లి వచ్చి నడుమ చేరింది. చెయ్యెత్తుతది గాని ఎప్పుడు కిటికీలకెల్లే చూస్తది. నోట్సుల జవాబులు సరిగ్గనే ఉంటయ్, పక్కపిల్లను చూసి రాస్తదని నా అనుమానం. అక్షరాలు మాత్రం కోడి గెలికినట్టు. ఇసొంటి పిల్లలను పెట్టుకొని నేను ఎవ్వలకు చూపియ్యాలె?

లేకిన్ చేస్త. యాస్మీన్‌కు చెప్పిన. ‘అమ్మీ, ఉట్టిగ ఆశ పెట్టకు’ అన్నది. గా మాటకు చేస్త.

సలీమా


కరీంనగర్,
ఆగస్టు

సలీమా,

నీ వీడియో చూసిన. రెండుసార్లు చూసిన.

మెచ్చుకోళ్లు ముందు చెప్తా. నీ వీడియో కింద కామెంట్లు నిండినయ్. ‘సూపర్ మేడం’, ‘నైస్’, దండం పెట్టే చేతులు, పూలు. ఒక సార్ వీడియో తెరవకముందే ‘అద్భుతం’ అని పెట్టిండు. ఎవరు ఎంతసేపు చూసిండ్రో నాకు ఇక్కడ కనబడతది. వాళ్లకు తెల్వది, పాపం. లింగమూర్తి సార్ నాకు ఫోన్ చేసి, ‘చూసిండ్రా మేడం? అడిగిన ప్రతిసారి ఒక్క చెయ్యి గూడ కింద లేదు!’ అన్నరు. చూసిన సార్ అన్న.

మంచిగ చెప్పినవు. జొన్నరొట్టె తెచ్చి తుంచి చూపిస్తివి గద, ఆ రొట్టె తుంచినంక కిందబడ్డ ముక్కను తీసి కండ్లకద్దుకుంటివి. శిక్షణల ఎవ్వలు నేర్పని పాఠం అది.

కాని సలీమా, నాకు రెండోసారి చూడకపోతే బాగుండు అనిపిస్తున్నది. కొన్ని కుడిచేతులు, కొన్ని ఎడమచేతులు. ఏది కుడో ఏది ఎడమో ఫోన్ అద్దంలెక్క తారుమారు చేస్తుందేమోనని మొదట బోర్డు చూసిన. బోర్డు మీద అంకెలు సరిగ్గనే ఉన్నయ్. నువ్వు పేరు పెట్టి లేపినోళ్లందరివి కుడిచేతులే.

హుస్నాబాద్‌ల మనం టీచింగ్ ప్రాక్టీస్‌కు పోయినప్పుడు హనుమండ్లు సార్ చెప్పిండు గద, తెలిసినోడు కుడిచెయ్యి, తెల్వనోడు ఎడమచెయ్యి ఎత్తాలె, చూడవచ్చిన పెద్దసార్‌కు చేతులు కనబడితే చాలు, ఏ చెయ్యో ఎవరు చూస్తరు బిడ్డా అని. ఇద్దరం ఎంత నవ్వినం ఆనాడు. ఆ చేతులు నీ క్లాసుల చూసి నాకు నవ్వు రాలే.

తప్పు అనను. అననీకి నేనెవరిని? నా ఎనిమిదో తరగతిల ‘అర్థమైందా’ అంటే ‘అయింది మేడం’ అని మొత్తం క్లాసు అంటది, నేను దాన్ని పట్టుకొనే పాఠం దాటుకుంట పోతున్న. నీది చెయ్యి, నాది గొంతు, అంతే తేడా. కాని ఇప్పుడు నేను మార్కులెయ్యాలె. ఏమెయ్యాలె? నువ్వే చెప్పు.

దెబోరా


కాగజ్‌నగర్,
ఆగస్టు

మెంటర్ మేడం గారికి,

మీరు రాసింది అందింది. నా పాఠం మీద మీ పరిశీలనకు కృతజ్ఞురాలిని. తప్పు అనను అనుకుంటనే ఒక పేజీ నిండ రాసిండ్రు, సంతోషం.

నేను గూడ కొన్ని పరిశీలనలు చెప్తా, వినుండ్రి. వీడియో కొరకు నేర్పిన ఉపాయం కాదు అది. ఈ పిల్లలు నాలుగుల ఉన్నప్పటికెల్లి నడుస్తున్నది. చెయ్యెత్తనోడు సిగ్గుతోని తలకాయ దించుకొని కూసుంటడు. రెండు రోజులైనంక బడికి రాడు, పత్తి చేన్ల ఉంటడు. ఎడమచెయ్యి ఎత్తుమంటే వాడు గూడ అందరి లెక్కనే ఖుషీగ ఎత్తుతడు. తెల్వదని నాకొక్కదానికి చెప్తడు, పక్కోడు పట్టించుకోడు. గిండ్ల మోసమేమున్నది? మీ స్మార్ట్ బోర్డు కింద గూసొని చెప్పుండ్రి.

మీ కాగితంల ఏమున్నది? ‘అందరు పాల్గొనాలె.’ అందరికి రావాలెనని ఎక్కడున్నది? రాసినోళ్లను అడుగుపో.

ఇల్లిడిచి ఇక్కడికొచ్చి ఏడేండ్లయింది దెబోరా. యాస్మీన్ పెద్దమనిషి అయినప్పుడు నేను ఓటర్ల లిస్టుల డ్యూటీ కాయితాలు పట్టుకొని ఊర్లు తిరుగుతున్న. వాళ్ల బాపు చేసిండు అన్నీ. దుకాణం షట్టర్ సగం దించి, యూట్యూబ్‌ల చూసి. గీ ముచ్చట నీకు ఇదివరకు చెప్పలే, చెప్పబుద్ధి కాలే.

నువ్వు మెంటర్‌వో, దోస్తువో ఏదన్న ఒకటి తేల్చుకొని రాయి.

సలీమా బేగం, ఎస్.జి.టి.


కరీంనగర్,
సెప్టెంబరు

సలీమా,

నీ ఉత్తరం బైబిల్లో పెట్టి మూడు వారాలు అట్లనే వదిలేసిన. రోజు ప్రార్థనకు తెరుస్తే నీ అక్షరాలే. ‘మీరు’ అన్నవు నన్ను.

నేను నీతో ఒక మాట దాచిన. ఉత్తరం రాయకముందే మార్కులేసిన. అన్నిట్ల నీకే పై మార్కులు. వేసి, పైకి పంపి, తర్వాత ‘ఏమెయ్యాలె నువ్వే చెప్పు’ అని నిన్నడిగిన. ఎందుకో తెల్వది. నువ్వు ‘నిజమే, తీసెయ్యి’ అంటే నాకు బరువు దిగుతదనుకున్ననో, లేక తిడితే దిగుతదనుకున్ననో. తిట్టినవు. దిగలే.

యాస్మీన్ ముచ్చట ఇప్పుడా నాకు చెప్పుడు? మీ ఇంటికి ఒక వీధి అవతలున్నదాన్ని. నాకు ఒక్క ఫోన్ చెయ్యకపోతివా?

ఇప్పుడు అసలు వార్త. నీ వీడియో పైన గూడ నచ్చింది. చివరికి ముగ్గురున్నరట, అండ్ల నువ్వొకతివి. అక్టోబరుల లైవ్ పెడతరు. నీ క్లాసు నడుస్తుంటే అన్ని జిల్లాల టీచర్లు చూస్తరు, లింగమూర్తి సార్ తానే పిల్లలను ప్రశ్నలడుగుతరు. సిగ్నల్‌కు ఎవరినో పంపి ఏదో డబ్బా పెట్టిస్తరట.

ఆయన ఎవరిని లేపుతరో మనకు తెల్వది. కుడి ఎడమలు ఆయనకు తెల్వయ్. ఎడమచెయ్యి పిల్లను లేపితే ఏమైతదో నువ్వు ఆలోచించే ఉంటవు. వద్దంటే ఇప్పుడే చెప్పు, పక్కకు తప్పిస్త, ఏదో ఒక కారణం రాస్త. కాదు చేస్తనంటే, ఆ ఒక్కపూట ఎడమచేతులు ఎత్తొద్దని చెప్పు వాళ్లకు. కొన్ని చేతులు కింద ఉంటే ఉండనీ.

ఇది దోస్తుగనే రాస్తున్న. మెంటర్‌గ అయితే ఇంత పొడుగు రాసేదాన్ని కాదు.

దెబోరా


కాగజ్‌నగర్,
అక్టోబరు, దసరా సెలవులు అయిపోయినంక

దెబోరా,

నువ్వు లైవ్ చూసే ఉంటవు. కాని నువ్వు చూసింది ఒకటి, అక్కడ అయింది ఒకటి. జర ఓపిక చేసుకొని చదువు.

నీ మాట వినలే నేను. చేతులు దించుమని చెప్పలే. చెప్పబోయిన, నోరు రాలే. ముగ్గురిల ఒకతిని గద, సగం చేతులు కింద ఉంటే ఇంకో ఇద్దరికి పోతది గద అని. దానికి బదులు ఏం చేసిన? కుడిచేతులోళ్లను ముందు బెంచీలల్ల కూసోబెట్టిన, ఎడమోళ్లను వెనక. సార్ ముందోళ్లనే లేపుతడని. ఇంత హుషారు నాకెక్కడికెల్లి వచ్చిందో.

అడిగిండు సార్, ‘మూడో వంతు పెద్దదా, నాలుగో వంతు పెద్దదా?’ అని. అందరి చేతులు లేచినయ్. నా గుండె గూడ. ‘ఆ కిటికీ పక్కన, చివర పాపను లేపండి మేడం’ అన్నడు.

నర్మద. ఎడమచెయ్యి.

‘సార్, సిగ్నల్ జర...’ అన్న.

‘మంచిగనే వినబడుతుంది మేడం.’

‘ఆ పాపకు కొంచెం సిగ్గు సార్. ఈ ముందు పాపను...’

‘సిగ్గు పోగొట్టేటందుకే గద మేడం మనం ఉన్నది.’

నర్మద లేచింది. నేను కండ్లు మూసుకున్న, నీ ముంగట చెప్పుడుకేంది. ఆ పిల్ల, ‘ఏ రొట్టె సార్?’ అన్నది.

సార్‌కు అర్థం కాలే. నాకూ కాలే.

‘ఒక్కటే రొట్టె అయితే మూడో వంతు పెద్దది సార్. మా నాయనమ్మ రొట్టె గింత పెద్దగ చేస్తది, మా చిన్నమ్మ చిన్నగ చేస్తది. చిన్నమ్మ రొట్టెల మూడో వంతు, నాయనమ్మ రొట్టెల నాలుగో వంతు పక్కపక్కన పెడితే, నాయనమ్మదే పెద్దగుంటది. అందుకే ఏ రొట్టెనో చెప్పాలె ముందు.’

నేను ఇన్నేండ్లు భిన్నాలు చెప్పిన. ‘ఏ రొట్టె’ అని ఒక్కనాడు చెప్పలే. నువ్వు చూసే ఉంటవు, చప్పట్ల బొమ్మలు స్క్రీన్ నిండినయ్. సార్ నన్ను మెచ్చుకున్నడు. ‘చివరి బెంచీ పిల్లను గూడ ఇట్ల తయారుచేసిండ్రంటే...’ అన్నడు. నేను నమస్తే పెట్టిన.

పగటి బువ్వ తిన్నంక బోరింగు కాడ పళ్లేలు కడుక్కుంటుండ్రు. దాన్ని పక్కకు పిలిచిన.

‘జవాబు తెలుసు గద, మరి కుడిచెయ్యి ఎత్తాలె గదనే?’

నా ముఖంల ముఖం పెట్టి చూసింది. ‘ఎందుకు టీచర్?’

దానికి ఎవ్వలు చెప్పలే దెబోరా. నేను ఆ మాట క్లాసుకు చెప్పిన్నాడు అది మా బళ్లె లేదు, నడుమ వచ్చింది. మిగతా పిల్లలకు అలవాటైపోయింది, వాళ్లు చెప్పలే. నేను మళ్ల చెప్పలే.

‘నాకు ఇదే లేస్తది టీచర్’ అని ఎడమచెయ్యి చూపెట్టింది.

‘మరి రాసుడు కుడితోని రాస్తవు గద?’

‘మా నాయనమ్మ పుర్రచెయ్యి మంచిది కాదని కొంగుతోని కట్టేసి నేర్పింది. తినుడు, రాసుడు. చెయ్యెత్తుడు ఆమె చూల్లే.’

‘జవాబులు తెలుసని నాకెందుకు చెప్పలే బిడ్డా?’

‘ఎత్తితి గద టీచర్. రోజు ఎత్తితి.’

పోయి పళ్లెం కడుక్కున్నది. దానికి నా మీద కోపం గూడ లేదు. టీచర్ అంటే లేపదు, గంతే అనుకున్నది. లేపదు గనక కిటికీలకెల్లి చూసుకుంట కూసున్నది. ఏడాది దెబోరా. మీదికెల్లి పక్కపిల్లను చూసి రాస్తదని అనుమానపడ్డ.

ఎడమచెయ్యి తెల్వనోడు నాకొక్కదానికే చెప్పే మాట అని నీకు రాసిన గద పెద్దగ. నాకు అది ఇంక చూడవలసిన పనిలేదని చెప్పే మాట అయిపోయింది. కుడిచేతులే చూసిన. మిగతా ఎడమచేతుల కింద ఎవలున్నరో, వాళ్లకేం తెలుసో, ఏం తెల్వదో, నేనెప్పుడన్న అడిగిన్నా? ఇంక అడుగుబుద్ధి అయితలేదు. అలసటగున్నది.

సలీమా


కరీంనగర్,
నవంబరు, మొదటి వారం

సలీమా,

ఎంపికైనవు. సార్ స్వయంగా ఫోన్ చేసిండ్రు.

ఒక్క పని మిగిలింది. ‘నా క్లాసుల అందరు పిల్లలు ఎట్ల పాల్గొంటున్నరు’ అని నాలుగు ముక్కలు రాసి, నీ వీడియో కిందనే పెట్టాలె. అన్ని గ్రూపులోళ్లు చదువుతరు. పెట్టినంక ఆర్డర్ వస్తది.

నర్మద సంగతి నాకు రాసినవు. నేను చదివిన, ఏడ్చిన. అది నాతోని ఉంటది. అందరికి చెప్పవలసిన పనిలేదు. రొట్టె తుంచి చూపెట్టి పాఠం చెప్పిన అని రాయి, అది గూడ నిజమే గద. రాసి ఇంటికి రా. ఫయాజ్ భాయి అప్పుడే మేడ మీద గదికి సున్నం వేయిస్తుండు. నీకు చెప్పొద్దన్నడు, చెప్తున్న.

నేను చెప్పేది సరైందో కాదో నాకు తెల్వది. సరైందని చెప్తలేను. రా అని చెప్తున్న.

దెబోరా


కరీంనగర్,
నవంబరు

సలీమా,

నీ జవాబు రాకముందే మళ్ల రాస్తున్న. నీ జవాబు నేను ఇంట్ల కూసొని స్క్రీన్ మీదనే చదివిన.

‘ఈ వీడియోల ఎడమచెయ్యి ఎత్తినోళ్లకు జవాబు తెల్వది. అట్ల ఎత్తుమని నేనే నేర్పిన. నర్మదది ఎడమచేతి వాటం. అందుకే ఏడాది ఆమెను నేను ఒక్కసారి లేపలే. మిగతా ఎడమచేతుల పిల్లలకు ఏం తెల్వదో నాకు తెల్వది, నేను అడుగలే. అందరు పాల్గొనుడు అంటే ఏందో నాకు గూడ ఎవరన్న చెప్పుండ్రి.’

చదివి, పొయ్యి మీద కూర సంగతి మర్చిపోయిన. మెంటర్‌కు ప్రతి కామెంట్ పక్కన ఒక చిన్న చెత్తబుట్ట బొమ్మ ఉంటది. నొక్కితే పోతది. ఇంక ఎవ్వలు చూల్లే. నొక్కితే నువ్వు ఇంటికొస్తవు. నీతోని తర్వాత తిట్లు తినొచ్చు, అవి నాకు కొత్త గాదు. వేలు దాని మీదనే ఉన్నది.

నొక్కలేదని గొప్పకు చెప్పను. ఆలోచించుకుంట కూసున్న, నాకు ఉన్న రోగమే అది. ఆలోచించేలోపట కింద ఒక జవాబు వచ్చింది. బెల్లంపల్లి నుంచి సాల్మన్ సార్ అట. ‘మేడం, మా బళ్లె పిడికిలి. తెల్వనోడు పిడికిలి ఎత్తుతడు.’ తర్వాత ఇంకో ఆమె, ‘మేము తెల్వని పిల్లలను పెద్దసార్లు వచ్చేరోజు బడికి రావద్దంటం. ఇప్పటిదాక ఎవ్వలకు చెప్పలే.’ ఆ తర్వాత ఆగలే, సలీమా. ఒకల్లకొకలు జవాబులు రాసుకుంటుండ్రు. ‘మరి మీరెట్ల ఆపిండ్రు?’ ‘ఆపలే మేడం, అందుకే అడుగుతున్న.’ నాలుగు నెలలకెల్లి ఈ గ్రూప్‌ను చూస్తున్న. పూలు, దండాలు తప్ప ఒక మనిషి ఇంకో మనిషికి రాసింది మొదటిసారి చూసిన. నీ కామెంట్ తీసేస్తే దాని కిందివన్నీ పోతయ్.

లింగమూర్తి సార్ ఫోన్. ‘మేడం, తీసెయ్యండి. ఆమెకే నష్టం. నేను మంచి కోరే చెప్తున్న.’ నిజంగనే ఆయన మంచి కోరిండు, గొంతుల తెలుస్తుంది. ‘తీసుడు నాకు రాదు సార్, ఆ బటన్ ఎక్కడున్నదో తెల్వది’ అన్న. వేలు దాని మీద పెట్టుకొనే అన్న.

తెల్లారి కామెంట్లు బందు పెట్టిండ్రు. ఉన్నవాటిని తీయలే. కేంద్రానికి వేరే ఆమెను తీసుకున్నరు. నాకు ఆ సంగతి వాట్సప్‌ల వచ్చింది, నీకు గూడ వచ్చే ఉంటది.

నిన్ను ఇంటికి తెచ్చే బటన్ నా వేలు కింద ఉండె. నేను నొక్కలే. దీనికి నువ్వు నన్ను ‘మీరు’ అన్నా అను.

దెబోరా


కాగజ్‌నగర్,
డిసెంబరు

దెబోరా,

‘మీరు’ అనను. అంటే నువ్వు మళ్ల మూడు వారాలు బైబిల్లో పెట్టుకుంటవు, నాకు ఉత్తరం రాదు.

ఏడ్చిన. దాచేదేమున్నది. రాసేముందు కాదు, రాసినంక. సున్నం సంగతి నువ్వు చెప్పకపోతే బాగుండు. ఫోన్ల ఫయాజ్‌కు చెప్పిన. ‘గింత నిజాయితీ ఉన్నదానివి, చాయ్ చెయ్యరాదని పెండ్లికి ముంగట ఎందుకు చెప్పకపోతివి?’ అన్నడు. గది సున్నం ఎండిపోయింది, కిరాయికియ్యనని అన్నడు. యాస్మీన్ కొన్ని రోజులు ఫోన్ ఎత్తలే. మొన్న శనివారం చెప్పకుంట రైలెక్కి వచ్చేసింది. నాతోని బడికొచ్చి, ట్యాంకు మెట్లెక్కి, ‘అమ్మీ, నువ్వు నిజంగనే ఇక్కడ కూసుంటవా?’ అన్నది. అందులనే అన్నీ ఉన్నయ్.

క్లాసు సంగతి చెప్తా. చేతులెత్తుడు బందు పెట్టిన. మొదట పిల్లలు పరేషాన్ అయిండ్రు, చేతులు ఎక్కడ పెట్టుకోవాలెనో తెల్వనట్టు. నేను బెంచి బెంచి కాడికి పోయి అడుగుతున్న. శాన ఆలస్యమైతున్నది, సిలబస్ ఎనకబడ్డది, ఇది సరైన పద్ధతేనా అంటే నేనేం చెప్పలేను. అనిల్ కుమార్‌ను అడిగితే అటు చూసిండు, ఇటు చూసిండు, లేచి, ‘తెల్వది టీచర్’ అన్నడు. గట్టిగ. అని, నవ్విండు. వాడు భాగహారం నాలుగో తరగతికెల్లే మర్చిపోయిండట. అప్పటికెల్లి ఖుషీగ ఎడమచెయ్యి ఎత్తుకుంట వచ్చిండు.

నర్మద ఇప్పుడు ఎడమచేత్తో రాస్తున్నది. వాళ్ల నాయనమ్మ కొమురవ్వ బడికొచ్చి కొట్లాడింది, ‘నేను రెండేండ్లు కట్టేసి నేర్పిన, నువ్వు రెండు రోజులల్ల విప్పితివా?’ అని. కూసోబెట్టి నోట్సు చూపెట్టిన. చదువు రాదు ఆమెకు, అక్షరాలు మాత్రం చూసింది. పాత పేజీ, కొత్త పేజీ. ‘బువ్వ మాత్రం కుడితోనే తినాలె’ అన్నది. సరేనన్న. మోచెయ్యి పక్కపిల్లకు తగలకుంట దాన్ని బెంచికి ఎడమ చివర కూసోబెట్టిన. అక్కడ కిటికీ లేదు.

ఇగ నిన్నటి శిక్షణ. నువ్వు గూడ ఉన్నవు. సార్ ఏదో మూల్యాంకనం, సూచికలు అని చెప్పుకుంట పోయిండు. ఐదో మెట్టు మీద కూసొని విన్న, ముఖం వచ్చింది, గొంతొచ్చింది, ఒక్క ముక్క ఎక్కలే. ‘అర్థమైందా?’ అన్నడు. వడగండ్లు పడ్డట్టు పడ్డయ్, ‘ఎస్ సార్’, ‘ఎస్ సార్’. నా వేలు గూడ అలవాటుకు అటే పోయింది. కింద మా పిల్లలు వరుసగ కూసొని నన్నే చూస్తుండ్రు.

‘అర్థం కాలే సార్. మళ్ల చెప్పుండ్రి’ అని పెట్టిన.

వడగండ్లు ఆగినయ్. సార్ గూడ ఆగిండు. ఏమంటడోనని చూస్తుంటే నా కిందనే ఇంకో పేరు వచ్చింది. దెబోరా. ‘నాకు గూడ సార్.’

ఏందే, మెంటర్‌వి నువ్వు. నీకేం అర్థం కాలే?

నీ
సలీమా